చంటిపిల్లకి వేరే పక్క అలవాటు చేయడం

సొంత పక్క అంటే సొంత గది కాదు. ఈ ఒక్క మాట ముందే చెప్పేస్తే సగం ఇళ్ళలో గొడవ తగ్గుతుంది. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ "ఇంత పసిగుడ్డుని ఒంటరిగా పడేస్తారుటే?" అని అడిగితే, "లేదమ్మా, మా మంచం పక్కనే, చెయ్యి చాపితే అందుతుంది" అని చెప్పొచ్చు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో సవరించిన సూచనల్లోనూ ఇదే ఉంది: కనీసం మొదటి ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, కానీ వేరే పక్క మీద. బెంగళూరులో, మారతహళ్ళిలోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో రెండు బెడ్‌రూముల ఫ్లాటులో, రెండో గదిలో పెద్దవాళ్ళు ఉండగా, మనకి కుదిరేదీ అదే.

అసలు విషయం పక్క కాదు, నిద్ర పట్టే క్షణం. చంటిపిల్లల నిద్ర 50, 60 నిమిషాలకో దఫా పల్చబడుతుంది. అప్పుడు కాస్త మెలకువ వస్తుంది. నిద్ర పట్టేటప్పుడు ఏది ఉందో దాన్నే అప్పుడు వెతుక్కుంటారు. భుజం మీద పడుకున్న పిల్లకి భుజం కావాలి, ఉయ్యాల్లో పడుకున్న పిల్లకి ఊపు కావాలి, పాలు తాగుతూ పడుకున్న పిల్లకి పాలు కావాలి, ఆకలి లేకపోయినా సరే. అందుకే నిద్రపోయాక మెల్లగా మోసుకెళ్ళి క్రిబ్‌లో, అంటే చుట్టూ ఊచలున్న చంటిపిల్లల మంచంలో, దించితే పని అయిపోదు. గంట తిరక్కుండా లేచి గుక్కపట్టి ఏడుస్తుంది. క్రిబ్ పడలేదని అప్పుడు క్రిబ్‌ని అమ్మేస్తారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో కొత్తగా ఉన్న క్రిబ్‌లు అన్ని అమ్మకానికి రావడానికి నా లెక్కలో ఇదే కారణం.

మొదటి మూడు నాలుగు నెలలు అలవాట్ల జోలికి వెళ్ళొద్దు. రాత్రి పగలు తేడా శరీరానికి తెలియడం మొదలయ్యేదే రెండు మూడు నెలలకి. అప్పటిదాకా ఎత్తుకోండి, జోకొట్టండి, పాలిచ్చి పడుకోబెట్టండి. పడుకోబెట్టే చోటు మాత్రం మొదటి రోజు నుంచీ సరిగా ఉండాలి. నేర్పడం మొదలుపెట్టడానికి ఐదు ఆరు నెలల వయసు బాగుంటుంది. నెలలు తక్కువగా పుట్టిన బిడ్డకి డాక్టరు చెప్పిన డెలివరీ తేదీ నుంచి లెక్క వేసుకోవాలి. ఎనిమిది, తొమ్మిది నెలలకి అమ్మ కనబడకపోతే బెంగపెట్టుకోవడం ఎక్కువవుతుంది. అప్పుడైనా చేయొచ్చు గానీ ఏడుపు ఎక్కువ ఉంటుంది. తొమ్మిదో నెల టీకా వారంలో, జలుబు చేసినప్పుడు, పని మనిషి మారినప్పుడు, ఇల్లు మారినప్పుడు మొదలుపెట్టకండి.

క్రిబ్, పరుపు

క్రిబ్ ఊచల మధ్య ఎడం 6 సెంటీమీటర్లకి మించకూడదు. అంతకంటే ఎక్కువైతే ఒళ్ళు జారి తల ఇరుక్కుంటుంది. కూల్‌డ్రింక్ టిన్ను దూరకపోతే చాలని ఇంటర్నెట్‌లో రాస్తుంటారు. మన దగ్గర దొరికే సన్న టిన్నులతో ఆ పరీక్ష పనికిరాదు, స్కేలు పెట్టి కొలవండి. ఒక పక్క కటకటా కిందికి జారే రకం పాత క్రిబ్‌లు చేతులు మారుతూ ఉంటాయి. అవి ఎంత చవగ్గా వచ్చినా వద్దు. జారే పలక ఊడి పిల్లలు సందులో ఇరుక్కుపోవడం వల్ల అమెరికాలో 2011లో వాటి తయారీని, అమ్మకాన్ని నిషేధించారు. వేరేవాళ్ళ దగ్గర తీసుకున్న క్రిబ్ ఏదైనా బిగించాక నాలుగు మూలలూ పట్టుకుని ఊపి చూడండి. ఒక్క నట్టు తక్కువున్నా తాడు కట్టి సరిపెట్టొద్దు.

పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. బూరుగు దూది పరుపు చంటిపిల్లకి పనికిరాదు, ఒళ్ళు దిగబడుతుంది, బోర్లా తిరిగితే ముక్కు మూసుకుపోతుంది. కొబ్బరి పీచు పరుపు 4 అంగుళాల మందంలో కొలత ఇస్తే ఏ పరుపుల షాపులోనైనా చేసిస్తారు. కొలత తీసుకునేటప్పుడు క్రిబ్ లోపలి పొడవు, వెడల్పు రెండు చివర్లా కొలవండి, వడ్రంగి చేసిన వాటిలో ఒక చివర అర అంగుళం తేడా మామూలే. పరుపుకీ పలకకీ మధ్య రెండు వేళ్ళు పట్టేంత సందు కూడా ఉండకూడదు. ఐకియా క్రిబ్‌లు 120, 60 సెంటీమీటర్ల కొలతలో వస్తాయి, మన షాపుల్లో రెడీమేడ్ పరుపులేమో అంగుళాల్లో. దగ్గరగా ఉందని తెచ్చేస్తే పక్కన అరచెయ్యి దూరే సందు మిగులుతుంది. గట్టితనం చూడాలంటే అరచేత్తో గట్టిగా నొక్కి తీయండి. గుంట వెంటనే పోవాలి.

పరుపు మీద బిగుతైన దుప్పటి, దాని కింద రబ్బరు షీటు. అంతే. దిండు వద్దు, బొంత వద్దు, ఊచలకి కట్టే మెత్తలు వద్దు, బొమ్మలు వద్దు. తల గుండ్రంగా రావడానికని పెట్టే ఆవాల దిండు కూడా వద్దు. మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ళెదుట రోజూ కాసేపు బోర్లా ఆడిస్తే తల ఆకారం అదే సర్దుకుంటుంది. షాపుల్లో దొరికే జిప్పు దోమతెర పరుపులు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, కానీ వాటిలో చుట్టూ మెత్తటి దిళ్ళే. మెడలో గొలుసు, నల్లతాడు పడుకోబెట్టే ముందు తీసేయండి. దిష్టికనీ పీడకలలకనీ పెద్దవాళ్ళు ఇనుప ముక్క పెట్టమంటే కాదనక్కర్లేదు, అది క్రిబ్‌లో కాకుండా మీ మంచం పరుపు కింద ఉండనివ్వండి, దాని పని అది చేసుకుంటుంది.

పడుకోబెట్టేది ఎప్పుడూ వెల్లకిలే. అమెరికాలో 1994లో ఈ ప్రచారం మొదలైన పదేళ్ళలో నిద్రలో హఠాత్తుగా పోయే చంటిపిల్లల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. రెండు వైపులా తనంతట తాను దొర్లడం వచ్చాక, రాత్రి బోర్లా తిరిగితే లేచి తిప్పక్కర్లేదు. పొత్తిళ్ళలో చుట్టడం మాత్రం దొర్లే ప్రయత్నం కనబడిన రోజే ఆపేయాలి, అది మూడో నెలలోనే రావొచ్చు. కూర్చోవడం రాగానే పరుపుని కింది మెట్టుకి దించండి. పరుపు పై నుంచి కటకటా అంచు దాకా 50 సెంటీమీటర్లైనా ఉండాలి.

క్రిబ్‌ని మీ మంచానికి ఆనించి పెడితే ఆ సందే ప్రమాదం. మంచం మీది పరుపుతో సమానంగా బిగించి కట్టే రకమైతే సరే. మామూలు క్రిబ్ అయితే నాలుగు వైపులా కటకటాలు బిగించి ఉంచి, కనీసం ఒక అడుగు ఎడంగా పెట్టండి. కిటికీ కర్టెను తాళ్ళు, ఫోన్ చార్జర్ వైర్లు, గోడ మీద బరువైన ఫొటోలు ఆ దాపుల్లో ఉండకూడదు.

గది విషయంలో బెంగళూరు దయగలదే. డిసెంబరు, జనవరుల్లో రాత్రి బయట 15, 16 డిగ్రీలకి దిగినా కాంక్రీటు ఫ్లాట్ల లోపల అంత చలి ఉండదు. అయినా మన వాళ్ళు స్వెట్టరు, సాక్సు, మంకీ క్యాప్ మూడూ తగిలించేస్తారు. ఇంట్లో పడుకున్నప్పుడు టోపీ అక్కర్లేదు, చంటిపిల్లల ఒంట్లో వేడి తల నుంచే ఎక్కువ పోవాలి. చేతులు కాళ్ళు చల్లగా ఉన్నాయా అని కాదు, మెడ వెనక తడిమి చూడండి. చెమట ఉంటే ఒక పొర తీసేయాలి. కప్పే దుప్పటికి బదులు ఒంటికి తొడిగే స్లీపింగ్ బ్యాగు కొంటే, గది 20 నుంచి 24 డిగ్రీలుంటే 1 టాగ్ (బ్యాగు ఎంత వెచ్చగా ఉంటుందో చెప్పే కొలత) చాలు, ఎండాకాలంలో 0.5. ఎక్కువ టాగ్‌వి చలిదేశాలకి. దోమల సంగతి వేరు. డెంగీ దోమ పగలు కుడుతుంది కాబట్టి మధ్యాహ్నం కునుక్కి కూడా తెర ఉండాలి. తెర క్రిబ్ బయటి నుంచి బిగుతుగా కట్టాలి, లోపలికి వేలాడకూడదు. కాయిల్ పొగ, సాంబ్రాణి పొగ రెండూ ఆ గదిలో వద్దు.

పడుకునే వేళ

పుస్తకాల్లో చెప్పే సాయంత్రం ఏడు గంటలు మనకి కుదరదు, కుదరాల్సిన పనీ లేదు. అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటుకుని నాన్న ఇంటికొచ్చేదే ఎనిమిదిన్నరకి. తొమ్మిది, తొమ్మిదిన్నరకి పడుకుంటే తప్పేం లేదు, రోజూ అదే వేళైతే చాలు. నాలుగు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకి పగలు రాత్రి కలిపి 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి. ముందు మూడు రోజులు పాప నిజంగా కన్ను మూసే వేళ రాసుకోండి. పదిన్నరైతే పదిన్నరకే మొదలుపెట్టండి. పక్క అలవాటయ్యాక రెండు మూడు రాత్రులకో పావుగంట చొప్పున ముందుకి జరుపుకోవచ్చు. నిద్ర రాని పిల్లని తొమ్మిదింటికి క్రిబ్‌లో పెట్టి గంట సేపు ఏడిపిస్తే, ఆ క్రిబ్ అంటేనే ఏడుపు గుర్తొస్తుంది.

సాయంత్రం కునుకు నుంచి రాత్రి నిద్రకి మధ్య ఎడం ఆరు నెలలప్పుడు రెండున్నర, మూడు గంటలు. ఏడాది దగ్గర పడేసరికి మూడు, నాలుగు. ఎడం తక్కువైతే నిద్ర రాదు, ఎక్కువైతే అలిసిపోయి మొండికేస్తుంది. నాన్న రాగానే గాల్లోకి ఎగరేసి ఆడించడం పడుకునే వేళకి ముప్పావుగంట ముందే ముగియాలి. ఆ తర్వాత వరస ఒకటే: ఒళ్ళు తుడవడం, పాలు, త్రేన్పు, డైపరు, బట్టలు, లైటు తీయడం, ఒకే ఒక్క జోలపాట. పాలు వరసలో ముందు ఉండడం ముఖ్యం. తాగడానికీ పడుకోవడానికీ మధ్య పదిహేను, ఇరవై నిమిషాలుంటే పాలకీ నిద్రకీ ముడి విడిపోతుంది. సీసా నోట్లో పెట్టుకుని పడుకునే అలవాటు పళ్ళు వచ్చాక పిప్పిపళ్ళకి దారి కూడా.

మొదటిసారి క్రిబ్ రుచి చూపించడానికి మన ఇళ్ళలో ఒక మంచి అవకాశం ఉంది: నూనె రాసి తలంటు పోసిన తర్వాతి నిద్ర. అప్పుడు పిల్లలు ఎక్కడ పెట్టినా మొద్దు నిద్ర పోతారు. ఆ పక్క వాసన, గట్టితనం, పైన ఫ్యాను అప్పుడే పరిచయమైతే రాత్రికి కొత్త ఉండదు. అసలు నేర్పడం మాత్రం రాత్రి మొదటి నిద్రతోనే చేయాలి. నిద్ర ఒత్తిడి బలంగా ఉండేది అప్పుడే. పగటి కునుకులు ఆ తర్వాత వారం పది రోజులకి.

దించే పద్ధతి

చాలామంది తలని ముందు ఆనిస్తారు. పడిపోతున్నట్టు అనిపించి పాప రెండు చేతులూ విదిలించి ఉలిక్కిపడుతుంది. నాలుగు నుంచి ఆరు నెలల దాకా ఆ ఉలికిపాటు సహజం. కాబట్టి మీ ఒంటికి దగ్గరగా పట్టుకునే కిందికి వంగండి. ముందు మడమలు ఆననివ్వండి, తర్వాత పిరుదులు, తర్వాత వీపు, చివరికి తల. కింద ఉన్న చెయ్యి వెంటనే లాగొద్దు. రెండో అరచెయ్యి గుండె మీద బరువుగా ఆనించి, శ్వాస ఒక తీరుకి వచ్చాక కింది చేతిని పరుపుని నొక్కుతూ పక్కకి జార్చండి. గాజులు ముందే తీసేయండి, ఈ ఆఖరి అడుగులో గలగలమన్నాయంటే మళ్ళీ మొదటికే. చలికాలంలో దుప్పటి చల్లదనానికి లేస్తుంటే, వేడినీళ్ళ బ్యాగు ఐదు నిమిషాలు పరుపు మీద ఉంచి తీసేసి, మణికట్టుతో వేడి చూసి పడుకోబెట్టండి.

దించేటప్పుడు కళ్ళు తెరిచే ఉండాలి. ఆవలింత వచ్చి, చెవి లాక్కుంటూ, చూపు నిలిచిపోయే స్థితిలో. మూసుకుపోతే ఆలస్యమైనట్టే.

మొదటి మూడు నాలుగు రాత్రులు క్రిబ్‌లోనే జోకొట్టి, పూర్తిగా నిద్రపోయే దాకా ఉండండి. ఏడిస్తే ముందు మాట, తర్వాత చెయ్యి, అప్పటికీ తగ్గకపోతే ఎత్తుకోండి, ఊరుకోగానే మళ్ళీ దించండి. మొదటి రాత్రి ఇది చాలాసార్లు జరుగుతుంది, నడుం నొప్పి పుడుతుంది. తర్వాతి మూడు నాలుగు రాత్రులు జోకొట్టడం పాప ఊరుకునే దాకానే, ఆ తర్వాత చెయ్యి కదపకుండా ఉంచండి. ఆపైన చెయ్యి తీసేసి పక్కన కుర్చీలో కూర్చుని మాట మాత్రమే. కుర్చీ మూడు రాత్రులకో రెండడుగులు వెనక్కి. అందరూ ఒకే గదిలో పడుకునే ఇంట్లో ఆ కుర్చీ చివరికి చేరేది మీ మంచానికే, ఇంకెక్కడికీ పోనక్కర్లేదు. మొత్తం రెండు మూడు వారాలు.

గడియారం పెట్టుకుని 3 నిమిషాలు, 5 నిమిషాలు, 10 నిమిషాలు ఆగి వెళ్ళి పలకరించి వచ్చేసే పద్ధతి దీనికన్నా త్వరగా ఫలిస్తుంది. ఆరు నెలలు నిండాకే. ఒకే గదిలో అది కష్టం, మీరు కనబడుతుంటారు కాబట్టి ఏడుపు పెరుగుతుంది. నాలుగైదు రాత్రులు మీరు హాల్లో చాప వేసుకుని, గది తలుపు తీసి ఉంచి, పాపని చూపించే మానిటరు పెట్టుకుంటే కుదురుతుంది. దీనివల్ల బిడ్డ మనసు దెబ్బతింటుందనే భయానికి జవాబుగా ఒక అధ్యయనం ఉంది. ఆస్ట్రేలియాలో ఇలాంటి పద్ధతులు నేర్పిన తల్లుల పిల్లల్ని ఆరేళ్ళ వయసులో మళ్ళీ పరీక్షించి 2012లో ప్రచురించారు. మానసికంగా గానీ తల్లితో అనుబంధంలో గానీ మిగతా పిల్లలకీ వీళ్ళకీ తేడా కనబడలేదు. అయినా ఇంట్లో ఎవరికైనా గుండె ఒప్పకపోతే ఈ దారి పట్టకండి. సగంలో ఆపడం మొదలుపెట్టకపోవడం కన్నా చెడ్డది.

ఎందుకంటే అసలు తప్పు జరిగేది అక్కడే. ఇరవై ఐదు నిమిషాలు ఏడ్చాక అమ్మమ్మో తాతయ్యో తట్టుకోలేక ఎత్తుకుంటారు. పాపకి అందేది ఏమిటంటే, ఇరవై ఐదు నిమిషాలు ఏడిస్తే ఎత్తుకుంటారని. మర్నాడు అంతసేపూ ఏడుస్తుంది. కాబట్టి మొదలుపెట్టే ముందు పెద్దవాళ్ళని కూర్చోబెట్టి, రాత్రి ఎవరు లేస్తారు, ఏ పద్ధతి, ఎన్ని రోజులు అనేది మాట్లాడుకోండి. "మిమ్మల్ని మేం చీర ఉయ్యాల్లోనే పెంచాం" అంటే వాదించకండి, పగలు వాళ్ళ ఒళ్ళో పడుకోనివ్వండి. మూడో నాలుగో రాత్రి ఏడుపు ఒక్కసారిగా పెరగడం మామూలే, పాత అలవాటు పోయేముందు గట్టిగా అడుగుతుంది. ఆ రాత్రి వదిలేసినవాళ్ళే ఎక్కువ.

అర్ధరాత్రి చప్పుడు వినగానే దూకొద్దు. కళ్ళు మూసుకునే మూలగడం, కాళ్ళు కొట్టుకోవడం నిద్రలో భాగం, ఒకటి రెండు నిమిషాలు చూడండి. నిద్రపోతున్న పిల్లని ఎత్తుకుని లేపేవాళ్ళు చాలామంది. పడుకున్న నలభై నిమిషాలకే లేస్తుంటే పడుకునే వేళ తప్పిందని అర్థం. ఎనిమిది, తొమ్మిది నెలల పిల్ల క్రిబ్‌లో నిలబడి, ఎలా కూర్చోవాలో తెలియక ఏడుస్తుంది. పగలు సోఫా పట్టుకుని నిలబెట్టి, కింద బొమ్మ పెట్టి, మోకాళ్ళు మడిచి కూర్చోవడం ఆటగా నేర్పండి.

రాత్రి పాలు వేరే సంగతి. బరువు సరిగా పెరుగుతున్న ఆరు నెలల పిల్లకి ఒకటి రెండు సార్లు ఇవ్వాల్సి రావచ్చు, డాక్టరుని అడిగే మానిపించండి. సీసా పాలైతే రెండు రాత్రులకో 30 మిల్లీలీటర్లు తగ్గించండి, తల్లిపాలైతే తాగే సమయం ఒకటి రెండు నిమిషాల చొప్పున. మంచం మీద కూర్చుని ఇచ్చి క్రిబ్‌లోకి తిరిగి చేర్చండి. సోఫాలో కూర్చుని ఇస్తూ కునికిపాట్లు పడడం అన్నిటికన్నా ప్రమాదం, అక్కడ నిద్ర వచ్చేలా ఉంటే మంచానికి మారండి.

ఉయ్యాల నుంచి మార్చేవాళ్ళకి ఒక మెట్టు ఎక్కువ. చీర ఉయ్యాల్లోనూ స్ప్రింగు ఉయ్యాల్లోనూ వీపు వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది, పసిపిల్లకి గాలి ఆడకపోవచ్చు. దొర్లడం వచ్చిన పిల్లనైతే అసలు అందులో కళ్ళెదుట కాకుండా ఉంచకూడదు. ముందు నాలుగైదు రాత్రులు ఊపు విసురు తగ్గించండి. తర్వాత నిద్ర పట్టకముందే ఊపడం ఆపేయండి. ఆగిన ఉయ్యాల్లో నిద్రపోతోందంటే క్రిబ్‌కి సిద్ధమే. ఆ రోజే ఉయ్యాల కొక్కెం నుంచి విప్పి లోపల పెట్టేయండి. కళ్ళెదుట వేలాడుతుంటే పిల్ల కన్నా ముందు పెద్దవాళ్ళకే మనసు లాగుతుంది. పగలు డేకేర్‌కో ఆయా దగ్గరికో వెళ్ళే పిల్లైతే అక్కడ ఎలా పడుకోబెడుతున్నారో అడగండి. అక్కడ ఒళ్ళో జోకొట్టి, ఇక్కడ క్రిబ్ అంటే రెండు వారాల పని రెండు నెలలవుతుంది.

క్రిబ్ నుంచి చిన్న మంచానికి మార్చడానికి తొందరేం లేదు. ఎత్తు 35 అంగుళాలు దాటినా, కాలు కటకటా మీదికి వేసినా అప్పుడు. ఎత్తు తక్కువ మంచం, పక్కన రెయిలు, గదిలో బీరువా గోడకి బిగించి ఉండాలి. లేచి వస్తే మాట్లాడకుండా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పడుకోబెట్టడం, ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఇదంతా చెదిరిపోతుంది. చెదరనివ్వండి. అక్కడ క్రిబ్ ఉండదు కాబట్టి నేల మీద గట్టి చాప, పల్చటి పరుపు, గోడకి అడుగు ఎడంగా వేసి, ఇంట్లో వాడే దుప్పటినే ఉతక్కుండా తీసుకెళ్ళి పరచండి, వాసన తెలుస్తుంది. పండక్కి వచ్చిన చుట్టాలు చేతులు మార్చుకుంటూ ఎత్తుకుంటారు, రాత్రి పదకొండు దాకా పడుకోదు. తిరిగొచ్చిన మొదటి రాత్రే క్రిబ్‌లో జోకొట్టే మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. రెండో సారి వారాలు పట్టదు, మూడు నాలుగు రాత్రుల్లో దారికొస్తుంది. వచ్చిన రాత్రి బస్సు అలసట అని "ఈ ఒక్క రోజుకీ" మీ పక్కలో వేసుకుంటే మాత్రం ఆ ఒక్క రోజు ఉగాది దాకా సాగుతుంది.